స్మృతి నగర్‌లో సెయింట్ డెనిస్

నరసింగరావు భిలాయి కార్ఖానాలో ముప్పయ్యారేళ్లు వడ్రంగం చేశాడంటే కొత్తవాళ్లు నవ్వుతారు. ఉక్కు కార్ఖానాలో కర్రతో పనేమిటండీ అంటారు. అలా అన్నవాణ్ణి నరసింగరావు ఊరికే వదిలిపెట్టడు. కూచోబెట్టి, టీ ఇప్పించి మరీ చెబుతాడు.

"ఏ ఉక్కు ముక్క పోత పొయ్యాలన్నా ముందు దాని ఆకారం కర్రతో చెయ్యాల బాబూ. దాన్నే పేటర్న్ అంటారు. ఆ కర్రని ఇసకలో దట్టించి పైకి లాగితే గొయ్యి పడతాది. ఆ గోతిలో కరిగిన ఉక్కు పోస్తారు. అంటే ఏటన్నమాట? ముందు నా కర్ర పుట్టాల, తరవాతే మీ ఉక్కు."

వినేవాడికి ఇంకా ఓపిక మిగిలుంటే రెండో పాఠం మొదలవుతుంది. ఉక్కు చల్లారేటప్పుడు మీటరుకి ఇరవై మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. ఆ కాస్తా ముందే కలిపి పేటర్న్‌ని పెద్దది చెయ్యాలి. అది చేతకానివాడు పేటర్న్ షాపు గుమ్మం తొక్కకూడదు. ఈలోగా టీ చల్లారిపోతుంది, విన్నవాడికి బస్సు కూడా తప్పిపోతుంది.

మనిషి పొట్టి. చెవి మీద పెన్సిలు లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. కూతురి కాలేజీకి వెళ్లినా, పెళ్లి భోజనానికి వెళ్లినా ఆ పెన్సిలు అక్కడే. తొంభై ఏడులో రిటైరయి, స్మృతి నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని, వెనకాల రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు ముందే వేశాడు, ఇంటికి సున్నం తరవాత వేశాడు. దాని మీద భార్య గున్నమ్మకి ఇప్పటికీ కోపమే.

అతనికి ఒక్కడే స్నేహితుడు, సత్యారావు. ఇద్దరిదీ ఆమదాలవలస పక్కన ఒకే ఊరు. అరవయ్యొకటిలో ఒకే పాసింజరు బండిలో, విజయనగరం మీంచి రాయపూర్ వచ్చి, అక్కణ్ణించి భిలాయిలో దిగారు. ఇద్దరి మధ్యా ఒక్క రేకు పెట్టె. నరసింగరావు పేటర్న్ షాపులో కుదిరాడు. సత్యారావు రైలు పట్టాల మిల్లులో చేరాడుగానీ, భిలాయి అతన్ని మిల్లువాడిగా ఎరగదు, ఫుట్‌బాల్ ఆటగాడిగానే ఎరుగును. పధ్నాలుగేళ్లు టౌన్‌షిప్ జట్టుకి కుడివైపు బ్యాక్ ఆడాడు. మోకాలు మొరాయించాక సెక్టార్ సెవెన్ గ్రౌండులో పిల్లలకి ఆట నేర్పాడు. సాయంత్రం అయిదయ్యేసరికి అతని ఈల వినబడకపోతే ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తెలియక తికమక పడేవారట. ఇది సత్యారావు స్వయంగా చెప్పుకున్న మాటే అనుకోండి, మనం కొంచెం తగ్గించుకుని వినాలి.

అలాంటి మనిషికి షుగరు వచ్చింది. వచ్చినట్టు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి కళ్ల మీదికి పోయింది. తొంభై ఆరు వేసవికి పూర్తిగా చీకటి. ఆ రోజునుంచి సత్యారావు ఇంటి గుమ్మం దాటలేదు. నరసింగరావు ఇంటికి రెండు సందుల అవతల, కిటికీ పక్కన వెదురు కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే ఉండిపోయాడు. రెండేళ్లు.

డాక్టరు గట్టిగానే చెప్పాడు. రోజూ గంట నడవాలి, లేకపోతే కళ్లు పోయినట్టే కాళ్లూ పోతాయి అన్నాడు. అప్పుడే పాదాలకి తిమ్మిరి మొదలయింది. ఎడమ మడమ దగ్గర పుండొకటి లేచి మూడు నెలలు మానలేదు. సత్యారావు భార్య అప్పలనర్సమ్మ ఆ పుండుకి కట్టు కట్టినప్పుడల్లా నరసింగరావుతో అదే మాట అనేది.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు సెప్తేనే ఇంటాడు. ఎలాగోలాగ ఈయన్ని గుమ్మం దాటించు."

నరసింగరావు చెయ్యని ప్రయత్నం లేదు. బతిమాలాడు, తిట్టాడు, పందెం కాశాడు. ఒకసారి స్కూటరు గుమ్మందాకా తెచ్చి హారను మోగించాడు. సత్యారావు జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఆ గ్రౌండులో నేను పరిగెట్టాన్రా. నన్ను సెయ్యి పట్టుకుని ముసలెద్దుని తోలుకెళ్లినట్టు తోలుకెళ్తావు, ఆ పిల్ల గుంటలందరూ ఆట ఆపి సూస్తారు. వద్దు. ఆ మాట ఇంక ఎత్తకు."

సరే, ఎత్తలేదు.

తొంభై ఎనిమిది జూన్‌లో ఫ్రాన్సులో ప్రపంచ కప్పు మొదలయింది. సత్యారావు మొహంలో మళ్లీ కాస్త వెలుగొచ్చింది. టీవీ ఉంది, చూసే కళ్లు లేవు. టీవీలో వ్యాఖ్యానం ఇంగ్లీషులో గడగడా సాగిపోతోంది, అది అందుకోవడం అతనివల్ల కాలేదు. ఇంకేముంది, నరసింగరావుకి డ్యూటీ పడింది. ఆరింటికి మొదలయ్యే ఆటలన్నిటికీ వెళ్లి పక్కన కూచుని చెప్పాలి. పాపం, ముప్పయ్యేడేళ్ల స్నేహంలో అతను ఫుట్‌బాల్ గురించి నేర్చుకున్నది ఒక్కటే, బంతి గుండ్రంగా ఉంటుందని.

"ఎర్రచొక్కావాడు తన్నినాడు. ఇప్పుడు తెల్లచొక్కావాడు తన్నినాడు. మళ్లీ ఎర్రచొక్కావాడు..."

"ఎక్కడ తన్నాడ్రా?"

"ఇటుపక్క."

"నీ ఇటుపక్క నాకేటి తెలుస్తాదిరా! ఏ లైను దగ్గర? ఎంత దూరంలో? ఎవుడికిచ్చాడు?"

"నన్ను కసిరితే నేను లేచిపోతాను. ఉండు, ఈల ఊదేడు. ఎందుకూదేడో ఊదినోడికే తెలీదు."

అప్పలనర్సమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. కానీ బంతి ఆగినప్పుడు కెమేరా పైకి లేచి స్టేడియం అంతా చూపించేది. అప్పుడు చూడాలి నరసింగరావుని! కుర్చీ అంచుకి జరిగిపోయేవాడు. పైకప్పు దేని మీద నిలబడింది, మెట్లు ఎంత వాలులో ఉన్నాయి, మూల మలుపులో కుర్చీల వరసలు ఎలా తిప్పారు, స్తంభాలు అడ్డం రాకుండా దూలాలు ఎక్కణ్ణించి బయటికి తీశారు, ఒక్కటీ వదిలేవాడు కాదు. పది ఊళ్లు, పది స్టేడియాలు. బొగ్గు గనుల ఊరు లెన్స్‌లో ఊరి జనం కంటే స్టేడియంలో కుర్చీలే ఎక్కువని రజని పేపర్లో చదివి చెప్పింది. రజనీకుమారి నరసింగరావు కూతురు, పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదువుతోంది. ఆ మాట విని ఇద్దరు పెద్దమనుషులూ రెండు రోజులు తెగ సంతోషించారు. గనుల ఊరికీ, కార్ఖానా ఊరికీ చుట్టరికం ఉన్నట్టే మాట్లాడుకున్నారు.

సెయింట్ డెనిస్ వంతు వచ్చినరోజు నరసింగరావుకి నోట మాట రాలేదు. పారిస్ పక్కనే, ఎనభై వేల మంది పట్టే స్టేడియం. పైన పళ్లెంలాంటి కప్పు. ఆ కప్పు గోడల మీద కూచోలేదు. చుట్టూ పద్దెనిమిది ఉక్కు స్తంభాలు సూదుల్లా లేచి, దాన్ని పైనించి వేలాడదీసి పట్టుకున్నాయి.

"ఏటిరా, నోరు పడిపోయిందా?" అన్నాడు సత్యారావు.

"సెప్పలేనురా. ఇది సెప్తే తెలిసేది కాదు."

"ఫైనల్ అక్కడే గదా?"

"అక్కడేనట."

సత్యారావు టీవీ వైపు తల తిప్పి, "గోలు ఎనకాతల జనం ఎంత దగ్గరగుంటారో? కార్నర్ కొట్టేవాడికి మొదటి వరసోడి ఊపిరి తగుల్తాదేమో," అన్నాడు. ఎవరినీ అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అప్పుడు తెలిసింది నరసింగరావుకి. ఇన్ని రోజులుగా తను నోటితో కడుతున్న స్టేడియాలన్నీ ఇతనికి గాలిలో పోతున్నాయన్నమాట.

ఇంటికొచ్చి షెడ్డు తలుపు తీశాడు. వాడు గ్రౌండుకి రానంటాడు కదా, గ్రౌండే వాడి ఒళ్లోకి వెళ్తుంది అనుకున్నాడు. మర్నాడు పొద్దున్న గున్నమ్మ లేచేసరికి పాత టేకు మంచం నాలుగు ముక్కలై షెడ్డులో ఉంది.

"ఏటండీ ఇది? మంచం ఏదీ?"

"స్టేడియం అవతాది."

"మరి మనం స్టేడియంలో పడుకుంటామా?"

"కింద పడుకుంటే నడుముకి మంచిదని డాక్టరే సెప్పాడుగదే."

"ఏ డాక్టరు? ఆ సత్యారావు గారి షుగరు డాక్టరేనా?" అంటూ ఆవిడ చాలాసేపు దులిపింది. అయితే ఎవరికోసమో తెలిశాక మాత్రం గొంతు తగ్గించి, మధ్యాహ్నం షెడ్డులోకి మజ్జిగ పట్టుకెళ్లింది.

కొలతలెక్కడివి? గ్రౌండు నూట అయిదు మీటర్ల పొడుగు, అరవై ఎనిమిది వెడల్పు అని సత్యారావే చెప్పాడు, ఎందుకడుగుతున్నాడో తెలియకుండానే. రజని పేపర్లలోంచి, పత్రికల్లోంచి ఫొటోలు కత్తిరించి తెచ్చింది. ఫొటోలో గ్రౌండుతో పోల్చి మిగతాదంతా తండ్రీకూతుళ్లు లెక్క కట్టారు. రెండు వందల మీటర్లకి ఒక మీటరు.

"పప్పా, ఇత్‌నా బారీక్ కామ్, ఇంత సన్నపని ఎందుకు? మోటా మోటీ చేసెయ్యి," అంది రజని.

"నీకు కళ్లున్నాయి కాబట్టి మోటామోటీ సరిపోతాది. ఆడు సేతి ఏళ్లతో సూస్తాడే అమ్మీ. ఏళ్లకి అబద్ధం సెప్పకూడదు."

మూడు వారాలు. మెట్లు ఒక్కొక్క వరసా విడిగా చెక్కాడు, వేళ్లు పెడితే తెలిసేలా. పద్దెనిమిది స్తంభాలు సైకిలు చువ్వలతో పెట్టాడు. పేటర్న్ షాపు అలవాటు ప్రకారం మొత్తాన్ని రెండు సగాలుగా చేసి, కర్ర మేకులతో కలిసేట్టు పెట్టాడు. వానాకాలం వచ్చేసింది. రేకుల మీద వాన దబదబమంటుంటే, లోపల ఉలి చప్పుడు. రిటైరయ్యాక అతను అంత కడుపునిండా పనిచెయ్యడం గున్నమ్మ చూడలేదు.

గ్రౌండులో పచ్చిక ఒక్కటీ మిగిలింది. అది గుడ్డతో కావాలి. అప్పలనర్సమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమెని రహస్యంగా పిలిచి, అయిదు వందల పాతిక మిల్లీమీటర్ల పొడుగు, మూడు వందల నలభై వెడల్పు, ఆకుపచ్చ వెల్వెట్టు, గీతలన్నీ తెల్లదారంతో ఉబ్బెత్తుగా కుట్టు చెల్లెమ్మా అని చెప్పాడు. ఆమె అలాగే కుట్టి, జులై ఎనిమిదో తారీకు బుధవారం సాయంత్రం తెచ్చింది. ఫైనల్ ఆదివారం.

గుడ్డ పరిచారు. నాలుగు వైపులా సందు.

పొడుగులో చిటికెన వేలు మందం తక్కువ. వెడల్పులోనూ తక్కువే.

"కొలత తప్పినావు చెల్లెమ్మా," అన్నాడు నరసింగరావు నవ్వుతూనే.

"నేనా? నలభయ్యేళ్లుగా కుడుతున్నాను, ఒక్క జాకెట్టు బిగుతని ఎవరూ తిరిగి తేలేదు," అని ఆమె టేపు తీసి కొలిచి చూపించింది. అయిదు వందల పాతిక. ఖచ్చితంగా.

"అయితే వానకి కర్ర ఉబ్బింది."

"ఇరవయ్యేళ్ల టేకు ఉబ్బుతాదా?" అంది గున్నమ్మ. టేకు గురించి ఆవిడకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ మంచం కథలు ఆవిడ చాలా విని ఉంది.

నరసింగరావు జేబులోంచి తన స్కేలు తీశాడు. పచ్చిక పరిచే గూడులో పెట్టి కొలిచాడు. అయిదు వందల పాతిక. వెల్వెట్టు మీద పెట్టాడు. అయిదు వందల పదిహేను. స్కేలు తిప్పి, మూల కొసన ఉన్న చిన్న అక్షరాలు చూశాడు. చూడక్కర్లేదు నిజానికి, అవి అతనికి కంఠతా వచ్చు.

అది కాంట్రాక్షన్ స్కేలు. ఉక్కు చల్లారి కుంచించుకుపోయే మేరకి ప్రతిసారీ లెక్క కట్టుకోనక్కర్లేకుండా, పేటర్న్ షాపులో గీతలే కాస్త ఎడంగా కొట్టిన స్కేళ్లు వాడతారు. కుర్రతనంలో సొంత డబ్బుతో కొనుక్కున్నాడు దాన్ని. ముప్పయ్యారేళ్లు అదే జేబు, అదే స్కేలు. ఊరందరి మీటరు కంటే నరసింగరావు మీటరు ఇరవై మిల్లీమీటర్లు పొడుగు. ఆ సంగతి చేతికి తెలియక కాదు, చేతికి అదే మీటరైపోయింది.

గున్నమ్మకి ఇదంతా అర్థమయ్యేసరికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఆగలేదు.

"అందుకా! సెక్టారు క్వార్టర్లో అలమర గూట్లో పట్టకపోతే గోడ సెక్కించారు, అందుకా! దేవుడి మందిరం గుమ్మంలోంచి రాకపోతే తలుపు ఊడదీశారు. పరుపులోడితో మంచం దగ్గర దెబ్బలాట పెట్టుకున్నారు, పరుపు పొట్టిదని. పాపం ఆడి పాపం నాకు తగిలిందే! ఏటండీ, పాతికేళ్లు నా కాపరమంతా ఉక్కు పొయ్యడానికి సేసినారా?"

అప్పలనర్సమ్మ నవ్వాపుకోలేక గోడకి తిరిగింది. రజని నేల మీద కూలబడి నవ్వింది. ఇంకో రోజైతే నరసింగరావు కూడా నవ్వేవాడే. ఆ వేళ మాత్రం చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, షెడ్డు దీపం ఆర్పి బయటికెళ్లిపోయాడు.

గురువారం సత్యారావు ఇంటికి వెళ్లలేదు. శుక్రవారం వెళ్లలేదు. వర్తమానం వస్తే, జ్వరమన్నాడు. తప్పు సరిదిద్దే దారి లేదు. చెక్కినదంతా ఆ స్కేలుతోనే, మళ్లీ చెయ్యాలంటే మూడు వారాలు కావాలి, ఇంకో మంచం కూడా కావాలి.

"మీకు మతిపోయిందా?" అంది గున్నమ్మ శనివారం. "గుడ్డ కొంచెం పెద్దది కుట్టిస్తే అయిపోదేటి? ఆయనకి తెలుస్తాదా? ఆ మాటకొస్తే కళ్లున్నోళ్లకే తెలీదు."

"అదేనే నా బాధ! కళ్లున్నోడికి తప్పు సూపించినా పరవాలేదు, ఆడే సర్దుకుంటాడు. సత్యారావైతే నా మాటే నమ్ముతాడు. నూట అయిదంటే నూట అయిదే అనుకుంటాడు. నేను పేటర్న్ షాపోణ్ణి, మిల్లీమీటరు తప్పితే ముక్క వెనక్కి పంపిన షాపులోంచి వచ్చినోణ్ణి. ఆడికి తప్పు సరుకు ఎలాగిస్తాను?"

"ఇవ్వకండి. ఇక్కడే పెట్టుకోండి. అక్కడ ఆయన మూడురోజులై కిటికీ పక్కన కూచుని, నర్సింగు ఏడీ నర్సింగు ఏడీ అంటున్నాడట. టీవీ కూడా పెట్టనివ్వలేదట. సెమీఫైనల్ ఎవరు గెలిచారో రజని వెళ్లి సెప్పొచ్చింది. ఆ మనిషికి ఉన్నది ఒక్క మీరు. మీకు మీ మిల్లీమీటర్లు."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది.

ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నరసింగరావు రెండు సగాలూ దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఎక్కించి, పక్కన స్కూటరు మెల్లిగా నడుపుతూ వెళ్లాడు. సందులో వాళ్లంతా అది కొత్త టీవీ అనుకున్నారు.

ముందు గదిలో బల్ల మీద రెండు సగాలూ కలిపాడు. అప్పలనర్సమ్మ వెల్వెట్టు పరిచింది, సందుతోనే.

"జ్వరం తగ్గిందా?" అన్నాడు సత్యారావు కుర్చీలోంచి. గొంతు పుల్లగా ఉంది.

"జ్వరం లేదు. లే. ఇటు రా. సెయ్యి ఇయ్యి."

సత్యారావు చెయ్యి ముందుగా స్తంభాలకి తగిలింది. ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. ఒక్కొక్కటే లెక్కపెడుతూ చుట్టూ తిరిగాడు. పద్దెనిమిది. ఆ వేళ్లు కప్పు మీదికి పాకాయి, కప్పు మధ్య ఖాళీలోంచి లోపలికి దిగాయి, మెట్ల మీద ఒక్కొక్క వరసే జారాయి. పచ్చికకి తగిలాయి. తెల్లదారం గీత దొరికింది. గీత వెంబడే వెళ్లి మూల పట్టుకుంది అతని వేలు. అక్కణ్ణించి బొటనవేలు చాపి మొదటి వరస మెట్టుని అందుకున్నాడు.

"ఇంత దగ్గరా!" అన్నాడు. "ఒరే! ఇంత దగ్గరగా కూచుంటార్రా జనం?"

అప్పలనర్సమ్మ కళ్లొత్తుకుంది. సత్యారావు అక్కడితో ఆగలేదు. కుడివైపు బ్యాక్ నిలబడే చోటు వేలితో వెతుక్కుని, అక్కడ వేలు ఆనించి, "ఇదుగో, నేను ఇక్కడ," అన్నాడు. రెండేళ్లలో ఆ గొంతులో అంత సంతోషం ఎవరూ వినలేదు. నరసింగరావు ఇంక పట్టలేకపోయాడు.

"తప్పురా. అదంతా తప్పు. నమ్మకు," అని మొత్తం చెప్పేశాడు. స్కేలూ, ఎడం గీతలూ, వెల్వెట్టు సందూ, నాలుగు రోజులు మొహం చాటెయ్యడమూ, అన్నీ. "నూటికి రెండు వంతులు పెద్దదిరా. నీకు తప్పు సరుకు తెచ్చినాను."

సత్యారావు వేలు తీయలేదు. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని అప్పలనర్సమ్మ దగ్గరికి వచ్చింది. ఏడుపు కాదు.

"తప్పేటుందిరా ఇందులో? ఇది ఇంకా సల్లారలేదు, అంతే! ఎనభై వేల మంది ఎక్కి కూచుని అరుస్తుంటే ఆమాత్రం వేడికి పెరగదేటి? రేప్పొద్దున్నకి సల్లారి సరిపోతాది లే!" అని పడీపడీ నవ్వాడు. నరసింగరావుకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు చీదుకుని, "ఏడిసినట్టుంది," అన్నాడు.

నవ్వు సగంలో సత్యారావు ఆగిపోయాడు. వేలితో మూలనుంచి మూలకి గీత వెంబడి మెల్లిగా జరిపాడు.

"నూటికి రెండంటే ఎంతరా? నాకు అందట్లేదు."

"ఇక్కడైతే చిటికెన వేలు మందం."

"అది కాదురా. ఆటలో ఎంత? పరిగెట్టేవాడి కాలికి ఎంత?" మళ్లీ వేలు జరిపాడు. ఊహూఁ అని తల ఆడించాడు. "ఏళ్లతో తెలీట్లేదు. నా కొలత ఏళ్లతో కాదు. మన సెక్టారు సెవెన్ గ్రౌండు సరిగ్గా నూరు మీటర్లు, గీతలు నేనే గీయించాను. నూరు నడిచి, పైన రెండు నడిస్తే తెలుస్తాది." తల తిప్పి లోపలికి కేకేశాడు. "నర్సమ్మా, నా సెప్పులేవీ?"

నరసింగరావు నోరు తెరిచాడు, అప్పలనర్సమ్మ సైగ చేసి నోరు మూయించింది. ఒక్క మాట ఎక్కువైతే మనసు మార్చుకుంటాడని ఆమెకి భయం. పరుగున లోపలికెళ్లి మంచం కిందనుంచి చెప్పులు తెచ్చి, బూజు కొంగుతోనే తుడిచి తొడిగింది. తనూ వస్తానంది. తీరా బయల్దేరేటప్పుడు ఇంటికి తాళం కప్ప కనబడలేదు. రెండేళ్లుగా ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా లేదు, తాళంతో పనేముంది? చివరికి కుట్టు మిషను సొరుగులో దొరికింది.

సత్యారావు స్కూటరు వెనకాల కూచుని నరసింగరావు భుజాలు పట్టుకున్నాడు. స్టేడియం తెచ్చిన రిక్షాలోనే అప్పలనర్సమ్మ వెనక బయల్దేరింది. వంతెన దగ్గర గుంత వచ్చినప్పుడు సత్యారావు, "ఇది ఇంకా పూడ్చలేదా ఈళ్లు," అన్నాడు.

గ్రౌండు తడిసి మెత్తగా ఉంది. ఆ చివర పాతికమంది పిల్లలు బురదలో ఆడుతున్నారు. నరసింగరావు చెయ్యి పట్టుకోబోతే సత్యారావు విదిలించాడు.

"పట్టుకోకు. నన్ను మూల గీత మీద నిలబెట్టి, నువ్వు ఆ చివరికి పో. గీత దాటి రెండు మీటర్లు కొలుచుకుని నిలబడు. మామూలు మీటర్లు! నువ్వు వాగుతూ ఉండు, నీ గొంతుని పట్టుకుని నేనొస్తాను."

నరసింగరావు బురదలో పడుతూ లేస్తూ వెళ్లాడు. అప్పలనర్సమ్మ టేపు అడిగి తెచ్చుకున్నాడు, దాంతోనే కొలుచుకున్నాడు. వాగమంటే ఏం వాగాలి? మంచం గురించి, గున్నమ్మ తిట్ల గురించి, పరుపులవాడి గురించి, నోటికొచ్చిందల్లా అరుస్తూ నిలబడ్డాడు. సత్యారావు మొదటి అడుగు వేశాడు. కాలు నేలని తడిమింది. రెండోది. పదోది వేసేసరికి వీపు నిటారుగా అయింది. పిల్లలు ఆట ఆపారు. నిలబడి చూశారు, అవును, అతను భయపడినట్టే అందరూ చూశారు. సత్యారావుకి వాళ్లతో పనిలేకపోయింది, పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు.

నరసింగరావు మధ్యలో అరవడం మరిచి చూస్తూ ఉండిపోయాడు.

"ఒరే, ఆపకు! దారి తప్పుతాను!" అని కేకేశాడు సత్యారావు.

మళ్లీ అరవడం మొదలెట్టాడు. నూట నలభై అడుగులు దాటాయి. "అదే, అదే గీత!" అన్నాడు నరసింగరావు. సత్యారావు గీత మీద ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. చాపిన చెయ్యి నరసింగరావు గుండెకి తగిలింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఈ మూడడుగులకా నాలుగు రోజులు నా గుమ్మం తొక్కలేదు?"

"నువ్వు రెండేళ్లు నీ గుమ్మమే దాటలేదు. నేనేమైనా అన్నానా?"

సత్యారావు చెమట తుడుచుకున్నాడు. కాళ్లకి అంటిన బురదని గడ్డికి రాసుకున్నాడు, ఒక కాలు తరవాత ఒకటి. అవతల మూలనుంచి అప్పలనర్సమ్మ చెంగు పట్టుకుని పరుగెత్తుకొస్తోంది.

"పొడుగు సూసినాం," అన్నాడు సత్యారావు. "ఎల్లు, ఆ పక్కకెళ్లి నిలబడు. వెడల్పు సూడొద్దేటి?"